సుచిత్ర నంబరు

నా భార్య సుచిత్ర ఫోన్ పోయిన రోజు నేను బడిలో ఉన్నాను. ఆమె పెద్దకర్మ అయిపోయి, నా సెలవు కూడా అయిపోయి, దుబ్బాక దగ్గరి మా బడికి మళ్లీ వెళ్లిన మొదటి రోజది. పిల్లలు మధ్యాహ్న భోజనానికి కూర్చున్నాక స్టాఫ్ రూములోకి వెళ్లి ఆమె నంబరుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తరని తెలుసు. సిద్దిపేటలో మా ఇంట్లో, బీరువాలో, నేను ఛార్జింగ్ చేసి పెట్టిన చోట అది మోగుతుంది. నాకు కావలసింది అంతే. ఆమె పోయినప్పటి నుంచి అలవాటైంది.

ఆ రోజు మోగలేదు. స్విచ్ ఆఫ్ అని ఒక గొంతు తెలుగులో చెప్పి, హిందీలో చెప్పి, ఇంగ్లీషులో చెప్పింది. నేను మూడూ విన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నల్లా కింద కొత్త ప్లాస్టిక్ టబ్బు ఉంది. నీలం రంగుది. మా అమ్మ కనకవ్వ అందులో గిన్నెలు నానబెడుతోంది.

"ఇదెక్కడిదే అవ్వా?"

"పాత ఫోన్లు తీసుకునేటోడు వచ్చిండు. బండి మీద మైకు వెట్టుకోని మొత్తుకుంట పోతుంటే పిలిచిన. వాడు బకెటే ఇస్తనన్నడు. నేనే కొట్లాడి టబ్బు ఇప్పిచ్చుకున్న."

"ఏ ఫోన్ ఇచ్చినవ్?"

ఆమె గిన్నె తోమడం ఆపలేదు. "ఇంట్ల ఎన్ని ఫోన్లున్నయ్?"

"అండ్ల సిమ్ముండె."

"సిమ్మో గిమ్మో. సచ్చినోళ్ల సామాను ఇంట్ల ఉంచొద్దు. చీరలు పోయినయ్, పరుపు పోయింది, చెప్పులు పోయినయ్. అదొక్కటెందుకు? దాని అద్దం గుడ పలిగె." గిన్నె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు యాడికన్న పోవుడు, ఆడికెల్లి దానికి ఫోన్ జేసుడు. అది బీరువల మొత్తుకునుడు. ఇంట్ల నేనొక్కదాన్ని కూసోని ఇనుడు. నాది పానం గాదా?"

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే ఇయ్యనిస్తువా?"

ఇవ్వనిచ్చేవాణ్ని కాదు. ఆ రోజు నుంచి మా అవ్వా నేనూ అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం. అన్నం పెట్టాల్నా, పెట్టు, నల్లా వచ్చింది, పట్టు.

పోయింది ఒక ఫోన్ అయితే నేను ఇది రాయను. అందులో మా వీధి ఆడవాళ్లందరూ ఉన్నారు.

మాది చేనేత వాళ్లుండే వీధి. మగవాళ్లలో చాలామంది భివండి పవర్‌లూములకు పోయారు. ఆడవాళ్లు ఇళ్లలో నూలు కండెలు చుడతారు. వాళ్ల మహిళా సంఘానికి రాతపని సుచిత్ర చూసేది. ఆధార్ కేంద్రంలో ఫోన్ నంబరు అడిగితే ఈ ఆడవాళ్లకు అప్పట్లో సొంత ఫోన్లు లేవు. ఉన్నా భర్తతో పాటు భివండిలో ఉండేవి. "సుచిత్ర నంబరే ఎక్కియ్యిన్రి" అనేవాళ్లు. బ్యాంకులోనూ అదే, గ్యాసుకూ అదే. తర్వాత ఇళ్లలోకి ఫోన్లు వచ్చినా ఎవరూ నంబరు మార్చుకోలేదు. వాళ్లకు రావలసిన ఓటీపీ సుచిత్ర ఫోన్‌కు వచ్చేది. ఆమె గోడ అవతలికి గట్టిగా చదివి చెప్పేది. ప్రతిసారీ కార్డు వెతకడమెందుకని అందరి ఆధార్ కార్డులూ ఫోటోలు తీసి పెట్టుకుంది. ఊరికి పోతూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టే తప్ప ఇందులో తప్పుందని మా వీధిలో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఆ తాళంచెవులన్నీ ఒక టబ్బుకు పోయాయి.

నంబరు ఆపించడానికి కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. సిమ్ము ఎవరి పేరు మీద ఉందని ఒక కుర్రవాడు అడిగాడు. చెప్పాను.

"మేడంకు ఫోన్ ఇవ్వండి సార్."

"ఆమె చనిపోయింది."

"సారీ సార్. మేడం ఒక్కసారి లైన్‌లోకి వచ్చి వివరాలు చెబితే వెంటనే బ్లాక్ చేస్తాం."

అతను చదువుతున్నది ముందే రాసి ఇచ్చిన మాటలు. కోపం తెచ్చుకోవడానికి అవతల మనిషి లేడు. దుకాణానికి వెళ్తే మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఆమె పోయింది హైదరాబాద్ దవాఖానలో కాబట్టి అది అక్కడి నుంచి రావాలి. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను. తీసుకున్నారు. సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేశాను. డబ్బులేమైనా పోయాయా అని అడిగారు. పోలేదన్నాను. పోతే వెంటనే చెప్పమన్నారు.

ధ్రువపత్రం ఇంకా రాకముందే, ఒక పొద్దున బస్సులో ఉండగా సంఘం గ్రూపులో సుచిత్ర నుంచి సందేశం వచ్చింది. గొల్లభామ చీర కట్టుకుని నవ్వుతున్న ఆ చిన్న ఫోటో, ఆ పేరు, కింద ఒక ఫైలు. పింఛన్లు ఆగకుండా ఉండాలంటే ఇది తెరిచి వివరాలు నింపమని ఉంది. ఒక్క క్షణం, అది ఆమె కాదని తెలిసి కూడా, ఆ పేరు మీద కొత్త సందేశం చూసి సంతోషపడ్డాను.

వెంటనే పూజ ఫోన్ చేసింది. పూజ మా ఎదురింటి లింగవ్వ కోడలు. డిగ్రీ చదివింది. సుచిత్రకు రాతపనిలో సాయం చేసేది.

"సార్, మేడం ఫోన్ల నుంచి మీరే పంపిన్రా?"

"కాదు. తెరవకు. ఎవర్నీ తెరవనియ్యకు."

"శానమంది తెరిచిన్రు సార్. మీరే పంపిన్రనుకున్నరు. మా అత్తమ్మ గుడ నాతోని తెరిపిచ్చింది."

ధ్రువపత్రం వచ్చిన రోజే దుకాణానికి వెళ్లాను. నంబరు నా పేరు మీదికి మారింది. కొత్త సిమ్ము నా ఫోన్లో వేసి వాట్సాప్ తెరవగానే అవతలివాడి దగ్గర అది మూతపడింది. నా చేతిలో సుచిత్ర ఫోటో తెరుచుకుంది. పేరు కింద ఆన్‌లైన్ అని ఉంది.

పూజ మళ్లీ ఫోన్ చేసింది. "సార్, మేడం ఆన్‌లైన్ల కనవడ్తున్నది. భయమైతున్నది."

"నేనే పూజా."

పూజ గొంతు తగ్గించింది. "అయితే ఒక పని చేయున్రి సార్. మేడం రాసినట్టే రాయున్రి. ఆ ఫైలు తీసేయున్రని, ఎవలకేం చెప్పొద్దని. మీరు రాస్తే, ఫోన్ అమ్మిన్రని మీ మీద కోపంతోని ఎవలూ ఇనరు. మేడం మాటంటే ఇంటరు."

ఆమె చెప్పింది నిజమే. కానీ సుచిత్ర పేరుతో, సుచిత్ర అనని మాట రాసినవాడు అప్పటికే ఒకడున్నాడు. నేను రెండోవాణ్ని కాలేను. గ్రూపులో ఇలా రాశాను. "నేను దత్తాత్రిని. సుచిత్ర చనిపోయింది. ఈ నంబరు నుంచి వచ్చిన ఫైలు ఆమె పంపలేదు, నేనూ పంపలేదు. దాన్ని తీసేయండి. తెరిచినవాళ్లు నాకు చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. సిద్ధమ్మ ఒక వాయిస్ పంపింది. ఆమె సంఘంలో పెద్దది, నోటికి జంకు లేదు. "సచ్చినామె ఫోన్ల కూసోని మాట్లాడుతున్నవేంది సారూ. మాకు మొకం సూపియ్యనీకె సిగ్గయితే చీటి మీద రాసి పంపు." దాని కింద నవ్వుతున్న బొమ్మలు పడ్డాయి. తర్వాత ఒక్కొక్కరే గ్రూపులోంచి వెళ్లిపోయారు. వెళ్లిన ప్రతిసారీ ఒక బూడిదరంగు గీత పడింది. సుచిత్ర ఫోటో తీసేశాను. అక్కడిప్పుడు మొహం లేని తల ఉంది.

కొన్ని వారాలకు లింగవ్వకు నోటీసు వచ్చింది. వేరే రాష్ట్రం పోలీసులది. ఆమె ఆధార్ మీద తీసిన సిమ్ముతో ఎవరినో మోసం చేశారని, విచారణకు హాజరు కావాలని. పోస్టు తెచ్చినాయన వీధిలోనే నిలబడి చదివి చెప్పాడట. నేను ఇంటికి వచ్చేసరికి మా గేటు ముందు ఆడవాళ్లున్నారు. ముందు లింగవ్వ. సిద్దిపేట బస్టాండు దాటి ఒంటరిగా ఎక్కడికీ పోని మనిషి.

"ఇది సదువు సారూ. నేను మందిని ముంచిన్నట. నా పేరు గల్లది ఎవలో దేశం మీద తిరుగుతున్నదట."

"చదివాను లింగవ్వా. దీనికి జవాబు రాద్దాం. రేపు స్టేషన్‌కు నీతో నేనొస్త."

"నువ్వొచ్చేదేంది? నీ పెండ్లాం బతికినన్నాళ్లు మా చేతి ఏళ్లు పట్టుకున్నది, సచ్చినంక మా పేర్లు పట్టుకున్నది."

మా అవ్వ ఇంట్లోంచి వచ్చింది. "సచ్చినదాని మీద పడకు లింగవ్వా. నీ పింఛన్ కోసం అది ఎండల నిలబడ్డది."

"నిలబడ్డది. నేను కాదంటున్ననా? మరి నా పేరు బజార్ల అమ్మి టబ్బు కొనుక్కున్నదెవలు?"

లింగవ్వ లోపలికి వచ్చి టబ్బును కాలితో తన్నింది. నానబెట్టిన బట్టలు వాకిట్లో పడ్డాయి. గేటు దగ్గర ఎవరో నవ్వారు.

"తప్పు సుచిత్రది కాదు" అన్నాను.

"మరెవలిది? నీదా? మీ అవ్వదా? ఒక్కల పేరు చెప్పు సారూ. ఈ కాయితం మీదైతే నా పేరే ఉన్నది."

మా అవ్వ నిలబడి చూస్తోంది. నేను ఎవరి పేరూ చెప్పలేదు. లింగవ్వ కాసేపు ఎదురుచూసి, "గట్లనా" అని వెళ్లిపోయింది.

మర్నాడు స్టేషన్‌కు లింగవ్వ, పూజ ఒక ఆటోలో, నేను నా స్కూటర్ మీద వెళ్లాం. జవాబు రాసి ఇచ్చాం. అక్కడి కానిస్టేబుల్ మంచివాడు. ఇంకా ఎన్ని సిమ్ములు తీస్తారో, ఎన్ని ఖాతాలు తెరుస్తారో తెలియదని, అందరి ఆధార్‌లకూ ఆన్‌లైన్‌లో తాళం వేయించమని చెప్పాడు. తాళం పడితే ఆ నంబరు ఎవరికీ పని చేయదు. తీసేదాకా సొంతదారుకు కూడా. తాళం వేయడానికి ఓటీపీ కావాలి. అది సుచిత్ర నంబరుకు వస్తుంది. అంటే నాకు.

ఇంటింటికీ వెళ్లి ఆధార్ కార్డు చూపమని అడిగాను. ఓటీపీ నా ఫోన్‌కు వస్తుంది, నేను నింపుతాను అన్నాను. చెబుతుంటే ఆ మాటలు నాకే దొంగ మాటల్లా వినిపించాయి.

"ఓటీపీ అంటే ఉరుకున్రి, కార్డు అంటే దాచిపెట్టున్రి అని పోయినేడు మన గల్లి బడిల మైకు పట్టుకోని చెప్పింది నువ్వే గద సారూ" అంది సిద్ధమ్మ. "మేం మంచిగ ఇన్నం."

అయినా చివరికి మొదట వచ్చింది సిద్ధమ్మే. కార్డు నా చేతికివ్వలేదు. కొంగు చాటున పట్టుకుని, ఒక్కొక్క అంకె చదివి, చదివినదాన్ని బొటనవేలితో మూసింది. తాళం పడ్డాక నా ఫోన్ అద్దాన్ని తన కొంగుతో తుడిచి ఇచ్చింది, అంకెలు అద్దానికి అంటుకుని ఉంటాయేమో అన్నట్టు. నేను నవ్వలేదు. సుచిత్ర ఉంటే నవ్వేది, సిద్ధమ్మ కూడా నవ్వేది.

ఆమెను చూసి మరికొందరు వచ్చారు. పింఛన్ రోజు వచ్చేసరికి ఇంకో చిక్కు. తాళం వేసిన వాళ్లకు యంత్రంలో వేలిముద్ర పడలేదు. ముందుగా తాళం తీయించుకోవాలని నేను చెప్పాను. చెప్పింది కొందరు మరిచారు, కొందరు నమ్మలేదు. వరుసలో నిలబడి ఉత్త చేతులతో తిరిగి వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డారు.

"ఆమె కార్డులు వోగొట్టె, ఈయన పింఛన్ ఆపె. మొగుడు పెండ్లాలు మంచిగ కుదిరిన్రు."

ఒక్కొక్కరికీ తాళం తీశాను. ఎవరూ లోపలికి రాలేదు. పింఛన్ తీసుకున్నాక మళ్లీ తాళం వేయించుకోవడానికి వచ్చినవాళ్లు తక్కువ.

లింగవ్వ అసలే రాలేదు. నోటీసు వచ్చింది ఆమెకే. ముందు తాళం పడవలసింది ఆమె కార్డుకే.

ఒక ఆదివారం సుచిత్ర నంబరుకు ఒక ఫోటో వచ్చింది. లింగవ్వ ఆధార్ కార్డు, ముందూ వెనకా. పూజ పంపింది. కింద రాసింది. "అత్తమ్మకు చెప్పకున్రి సార్. తాళం వేసేయున్రి. ఆమెకు తెల్వకుంటనే పింఛన్‌కు ముందు తీపిస్త." మళ్లీ అదే పని, అదే నంబరుకు కార్డు ఫోటో. కానీ ఆ పిల్ల ఎందుకు చేసిందో నాకు తెలుసు. రెండో నోటీసు వస్తే భివండిలో ఉన్న లింగవ్వ కొడుకు మహేశ్ పని మానుకుని రావాలి. లింగవ్వ అప్పటికే పొద్దున గేటు చప్పుడైతే లోపలికి పోయి కూర్చుంటోంది.

వెబ్‌సైటు తెరిచాను. నంబరు కొట్టాను. ఓటీపీ వచ్చింది. సుచిత్ర సిమ్ముకు వచ్చే సందేశాల మోత వేరుగా పెట్టుకున్నాను, ఆమె ఫోన్లో ఉండే మోతే. అది విని మా అవ్వ వంటింట్లో గిన్నె కింద పెట్టేసింది.

ఆరు అంకెలు నా ముందున్నాయి. అవి నింపితే లింగవ్వకు మంచి జరుగుతుంది. ఆమెకు తెలియదు. ఆ ఫోన్ కొన్నవాడికీ ఇంతే కావలసి వచ్చింది, ఒక కార్డు, ఒక ఓటీపీ, తెలియని మనిషి. వాడు చెడుకు చేశాడు, నేను మంచికి చేస్తాను. లింగవ్వను అడగకపోవడం మాత్రం ఇద్దరిదీ ఒకటే. అంకెల గడువు అయిపోయేదాకా చూసి, చెప్పులేసుకుని ఎదురింటికి వెళ్లాను.

లింగవ్వ గద్దె మీద కూర్చుని రాట్నం తిప్పుతోంది. కూర్చోమనలేదు. పూజ తలుపు దగ్గర నిలబడింది.

"లింగవ్వా, నీ కార్డుకు తాళం వేస్త. నువ్వు ఊ అంటేనే."

"కార్డు సూపియ్య."

"నంబరు నా దగ్గరున్నది."

రాట్నం ఆగింది. "నీకెట్లొచ్చె?"

లింగవ్వ తల తిప్పి పూజను చూసింది. పూజ ఏడవలేదు. "రెండో కాయితం వస్తే ఎట్ల అత్తమ్మా" అంది.

"వస్తే నేను సస్త. నువ్వెందుకు పంపినవ్?" మళ్లీ నా వైపు తిరిగింది. "తాళం ఏస్తవ్. చెవి ఎవల దగ్గరుంటది?"

"నా దగ్గర. ఈ నంబరు దగ్గర."

"నెలనెల పింఛన్‌కు నీ గడప ముందట నిలబడాల్నా?"

"వద్దు. ఆధార్ కేంద్రానికి పోయి పూజ నంబరు ఎక్కించుకో. అప్పుడు నాతో పనిలేదు."

"పోయిన. నీకు చెప్పలే. ఏలు పడలే." కుడిచేయి చాపి చూపింది. కండెలు చుట్టి చుట్టి వేలి కొసలు నున్నగా ఉన్నాయి. "ఆడ కూసున్న పోరడు ఒత్తు ఒత్తు అంటడు. సుచిత్ర ఉంటే తడిగుడ్డతోని తుడిచి, ఉఫ్ అని ఊది, తన ఏలు నా ఏలు మీద వెట్టి ఒత్తేది. ఒక్కపారికే పడేది."

"ఇంకోసారి పోదాం. నేనొస్త" అన్నాను.

"నువ్వు పట్టుకుంటవా నా ఏలు?"

నేను ఫోన్ జేబులో పెట్టుకోబోయాను.

"కార్డు ఆమె చేతుల వెట్టిన సారూ. నీ చేతుల వెట్టలే." గొంతు పెద్దది చేయలేదు. "ఆ ఫోటో తీసెయ్. నా ముందట తీసెయ్."

ఫోటో తీసేశాను. పూజ సందేశం కూడా తీసేశాను. లింగవ్వ దగ్గరికి వచ్చి ఫోన్ తన కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఆమెకు చదవడం రాదు. ఖాళీగా ఉందో లేదో చూసింది.

"ఇంకేడన్న ఉన్నదా?"

"ఆ పోయిన ఫోన్ల ఉన్నది."

ఆమె వెళ్లి రాట్నం ముందు కూర్చుంది. నేను గడప దిగుతుంటే వెనక పూజను తిట్టడం మొదలైంది. అది మా ఇంటి దాకా వినిపించింది.

మా అవ్వ వాకిట్లో టబ్బును బోర్లించి పెట్టింది. లింగవ్వ తన్నినప్పటి నుంచి దాన్ని వాడటం లేదు. అవతల పారేయడమూ లేదు. "ఏమన్నది?" అని అడిగింది.

"వద్దన్నది."

"నేనడగాల్నా పోయి?"

అది చాలా రోజులకు మా మధ్య వచ్చిన అవసరం లేని మొదటి మాట. "నువ్వు పోతే ఇంకా కొడుతది" అన్నాను. "కొట్టనీ" అంది. కానీ వెళ్లలేదు.

నంబరు వదిలేద్దామంటే కుదరదు. వదిలేస్తే కంపెనీ వాళ్లు కొన్నాళ్లకు దాన్ని ఇంకెవరికో ఇస్తారు. ఈ వీధి ఓటీపీలన్నీ ఆ ఎవరికో పోతాయి. ఒక్కొక్కరూ కేంద్రానికి వెళ్లి సొంత నంబరు ఎక్కించుకునేదాకా అది నా దగ్గరే ఉండాలి. కొందరు ఎక్కించుకున్నారు. సిద్ధమ్మ తన మనవరాలి నంబరు ఎక్కించుకుని, ఆ మాట చెప్పడానికి మా గేటు దాకా వచ్చి, "ఇగ నీకు నాకు ఏం లేదు సారూ" అని వెళ్లింది.

బడిలో మధ్యాహ్నం పూట ఇప్పుడు నేనెవరికీ ఫోన్ చేయను. ఆ నంబరు నా జేబులోనే ఉంది.

నోటీసుకు మేమిచ్చిన జవాబుకు సమాధానం రాలేదు. సుచిత్ర ఫోన్ దొరకలేదు. లింగవ్వ ఆధార్‌కు తాళం పడలేదు.